ఓవర్‌డ్రైవు - దారి నేర్పిన గేరు

విశాఖపట్టణమునుండి ఉత్తరముగా సాగు రహదారి మధురవాడ దాటి ఆనందపురము చేరునప్పటికి చీలిపోవును. ఒక శాఖ తగరపువలసవద్ద గోస్తనీనదిని దాటి, శ్రీకాకుళము మీదుగా కోల్‌కతా దిక్కునకు పోవును. మఱియొకటి పెందుర్తి, సబ్బవరముల మీదుగా అనకాపల్లి చేరి చెన్నై దారిలో కలియును. ఆ పెందుర్తినుండియే శృంగవరపుకోటకు, అనంతగిరికి, అరకులోయకు ఎక్కు కొండదారి వేఱగును. విజయనగరము మీదుగా సాలూరు ఘాటునకు పోవలసిన లారీలకును ఆనందపురము దారిలోని ఊరే. ఓడరేవు సరకులు, ఉక్కు కర్మాగారపు కడ్డీలు, తీగచుట్టలు, ఆనందపురము పూల మార్కెట్టుకు చేరు పూలబుట్టలు, అన్నియు ఈ బాటలమీదనే నడచును. చదునైన దారియు, కొండదారియు ఇంత దగ్గఱగా నున్న ఈ చోటున నిలిచి చూచినచో, లారీ గేరుపెట్టెలో ఓవర్‌డ్రైవు అను గేరు ఎందుకు పుట్టినదో, ఎచ్చట పనికివచ్చునో, ఎచ్చట ప్రాణము తీయునో సులభముగా బోధపడును.

ఓవర్‌డ్రైవు అను మాట చెవిని పడగానే చాలమంది దానిని అదనపు బలమని తలంతురు. ఇంజనునకు మఱింత ఊపునిచ్చు మంత్రమేదో ఆ మీటలో నున్నదని కొందఱి నమ్మకము. నిజము దీనికి విరుద్ధము. ఓవర్‌డ్రైవు వేసినప్పుడు చక్రములకు చేరు లాగుడు తగ్గును. ఇంజను చుట్లును తగ్గును. దారి చదునై, బండి వేగమందుకొని, ఇక లాగవలసినది కొద్దియే అయినప్పుడు మాత్రమే అది లాభకరము. కావున దాని చరిత్రలో యంత్రశాలలకు ఎంత పాలు కలదో, రహదారులకును, ఇంధనపు ధరలకును అంత పాలు కలదు. ఆ చరిత్రను మేము ఇచ్చట క్రమముగా చెప్పదలచితిమి.

గేరు అనగా బలమునకును వేగమునకును జరుగు మారకము. ఒకటి కావలెనన్నచో రెండవదానిని కొంత వదలుకొనవలెను. ఈ సత్యము మన పల్లెలకు క్రొత్తది కాదు. అనకాపల్లి ప్రాంతము బెల్లమునకు పేరు పొందినది. అచ్చటి పాతకాలపు చెఱకు గానుగలో ఎడ్లు పొడవైన కాడిని పట్టుకొని పెద్దచుట్టు నడచును. నడుమ రోళ్లు మెల్లగా తిరిగి చెఱకును పిప్పి చేయును. వేగము పోయినది, బలము వచ్చినది. లారీ మొదటి గేరు చేయు పని యిదియే. ఇక శ్రీకాకుళము దారిలోని పొందూరు సన్ననూలు ఖద్దరుకు ప్రసిద్ధము. అచ్చట రాట్నపు పెద్ద చక్రమును చేతితో ఒకమాఱు త్రిప్పినచో కదురు ఎన్నియో చుట్లు తిరుగును. కదురునకు బలము లేదు. కాని దూదినుండి దారము తీయుటకు బలముతో పనియు లేదు. కావలసినది వేగము. రాట్నము ఈ విధముగా ఓవర్‌డ్రైవునకు పెద్దమ్మవంటిది. ఆనందపురమునుండి ఒక వైపు గానుగ, మఱియొక వైపు రాట్నము. లారీ గేరుపెట్టెలోని రెండు కొసలును మన చుట్టుపట్లనే యున్నవి.

ఈ మారకమును పండ్ల చక్రములతో ఒక క్రొత్త పద్ధతిని సాధించినవారిలో ముఖ్యుడు ఆవిరియంత్రమును తీర్చిదిద్దిన జేమ్సు వాట్టు. ఆయన యంత్రములో దూలము పైకి క్రిందికి ఊగును. ఆ ఊపును చక్రపు తిరుగుడుగా మార్చవలెను. అందులకు వంకర ఇరుసు చాలును. కాని 1780లో జేమ్సు పికార్డు అనునాతడు అట్టి ఏర్పాటుపై హక్కుపత్రము పొందియుండెను. ఆ అడ్డంకిని తప్పించుకొనుటకై వాట్టు 1781లో వేఱొక ఉపాయమునకు హక్కు పొందెను. ఇరుసుమీద ఒక పండ్ల చక్రము. దూలమునుండి దిగిన కడ్డీ కొసను మఱియొక పండ్ల చక్రము. రెండవది మొదటిదాని చుట్టు తిరుగును. సూర్యుని చుట్టు గ్రహము తిరుగుటను పోలియుండుటచే దానికి సూర్యగ్రహ చక్రములని పేరు వచ్చినది. రెండింటి పండ్లును సమానమైనప్పుడు దూలము ఒకమాఱు ఊగి వచ్చులోపల ఇరుసు రెండుమాఱులు తిరిగెడిది. హక్కు తగాదా తప్పించుకొనుటకు పుట్టిన ఈ యేర్పాటులో, నేటి లారీ ఓవర్‌డ్రైవునకు మూలమైన సూత్రము అప్పటికే యున్నది.

మోటారుబండ్లు వచ్చిన తొలిదినములలో ఏ గేరులోనైనను ఇంజను శక్తి పండ్ల జతలగుండ దాటి చక్రములకు చేరవలసియుండెను. ప్రతి జతయందును కొంత శక్తి రాపిడికి ఆహుతియగుచుండెను. 1898 డిసెంబరు 24వ తేదీని లూయీ రెనో అను ఫ్రెంచి యువకుడు పారిసులోని నిట్టనిలువు వీధియైన రూ లెపిక్‌ను తన చిన్నబండితో ఎక్కి చూపెను. ఆ బండియందలి విశేషమేమనగా, పై గేరులో ఇంజను ఇరుసును, బయటికి పోవు ఇరుసును ఒకటిగా కలిసిపోవును. నడుమ పండ్లతో పనిలేదు. దీనినే ‘డైరెక్టు’ గేరు అనిరి. ఇంజను ఒక చుట్టు, బయటి ఇరుసు ఒక చుట్టు. ఓవర్‌డ్రైవు అను పేరులోని ‘ఓవర్’ ఈ డైరెక్టు గేరును పట్టియే పుట్టినది. ఇంజనుకంటె బయటి ఇరుసు ఎక్కువ వడిగా తిరిగినచో అది ఓవర్‌డ్రైవు. ఆ పేరునకు అంతకుమించిన యర్థము లేదు.

1908లో వచ్చిన ఫోర్డు ‘మోడల్ టీ’ కారులో గ్రహచక్రములే గేర్లుగా నుండెను. కాలితో పెడలు త్రొక్కినంతనే పట్టీ బిగిసి గేరు మాఱెడిది. పండ్లను ప్రక్కకు జరిపి కలుపు శ్రమ లేదు. దాని లారీ రూపమైన ‘టీ టీ’ 1917లో వెలువడినది. మోటారు లారీ మనదేశపు బాటలకు వచ్చిన కాలమదియే. విశాఖ ఓడరేవు 1933 అక్టోబరు 7వ తేదీని ‘జలదుర్గ’ అను ఓడ రాకతో తెఱువబడినది. మాంగనీసు వంటి ఖనిజములు రైలుమీదనే రేవునకు చేరినను, రైలు పోని చోట్లకు సరకు పంచుటకు లారీయే దిక్కయ్యెను.

ఆ రోజులలోనే అమెరికాలో ఓవర్‌డ్రైవు ఆ పేరుతో వాడుకకు వచ్చెను. బోర్గ్ వార్నర్ సంస్థ చేసిన ఓవర్‌డ్రైవును 1934లో క్రైస్లరు, డిసోటో ఎయిర్‌ఫ్లో కార్లలో అమర్చిరి. అది మామూలు గేరుపెట్టె వెనుక తగిలించిన చిన్న గ్రహచక్రముల డబ్బా. బండి ఒక నిర్ణీత వేగమును మించిన తరువాత డ్రైవరు యాక్సిలరేటరుమీదనుండి క్షణము కాలు ఎత్తినచో అది తానుగా పట్టుకొనెడిది.

ఆ డబ్బాలోని లెక్కను ఒకమాఱు చూతము. నడుమ సూర్యచక్రము, దానికి 30 పండ్లు అనుకొందము. దాని చుట్టు నాలుగు గ్రహచక్రములు. ఒక్కొక్కదానికి 20 పండ్లు. ఈ నాలుగింటిని పట్టియుంచునది ఒక చట్రము. అన్నింటిని ఆవరించి లోపలివైపు పండ్లుగల వలయచక్రము. దానికి 70 పండ్లు. ఇప్పుడు సూర్యచక్రమును కదలకుండ బిగించి, ఇంజనుతో చట్రమును త్రిప్పినచో, చట్రము ఒక చుట్టు తిరుగునప్పుడు వలయము ఒక చుట్టుతోబాటు అదనముగా 70లో 30వ వంతు తిరుగును. అనగా ఇంజను 100 చుట్లకు బయటి ఇరుసు సుమారు 143 చుట్లు. గేరు భాషలో దీనిని 0.70 నిష్పత్తి అందురు. సూర్యచక్రమును వదలి, చట్రమును వలయమును ఒకటిగా కట్టివేసినచో ఆ ముద్ద అంతయు కలిసి తిరుగును, అది డైరెక్టు. బిగించుటకొక పట్టీ, కట్టివేయుటకొక క్లచ్చి, ఈ రెండే చాలును. పండ్లు ఎల్లప్పుడును కలిసియే యుండును గనుక గేరు మాఱునప్పుడు కరకర లేదు. ఆటోమేటిక్ గేరుపెట్టె గ్రహచక్రములను ఏరికోరి తీసికొనుటకు కారణమిదియే. నూనె ఒత్తిడితో పట్టీని, క్లచ్చిని బిగించి వదలినచో మనిషి చేయి అక్కఱలేకయే గేరు మాఱును.

అయితే ఆటోమేటిక్ గేరుపెట్టెకు మఱియొక భాగము కావలెను. ఇంజను తిరుగుచుండగనే బండి నిలిచియుండవలెను, మెల్లగా కదలవలెను. ఆ పని చేయు టార్కు కన్వర్టరు మొదట ఓడలకొఱకు పుట్టినదని చెప్పినచో రేవుపట్టణపు వారికి ముచ్చటగానుండును. జర్మనీకి చెందిన హెర్మాన్ ఫోటింగరు 1905లో దానికి హక్కు పొందెను. ఓడలోని ఆవిరి టర్బైను మిక్కిలి వడిగా తిరుగును. నీటిలోని పంకా మెల్లగా తిరుగవలెను. అంత శక్తిని పండ్లమీద మోపుటకు జంకి, ద్రవముద్వారా శక్తిని అందింపవచ్చునని ఆయన తలంచెను. ఒక విసనపంకా గాలి తగిలి ఎదుటి పంకా తిరుగునట్లు, ఒక గిన్నె విసరిన ద్రవము ఎదుటి గిన్నెను త్రిప్పును. నడుమనున్న మూడవ ఱెక్కల చక్రము ద్రవపు దారిని మరల్చి బలమును పెంచును. ఓడకొఱకు పుట్టిన ఈ పరికరము క్రమముగా బస్సులకు, లారీలకు చేరినది.

జనరల్ మోటార్సువారి ‘హైడ్రామాటిక్’ 1939లో వెలువడి 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో అమరినది. ద్రవపు కలయికయు, గ్రహచక్రములును కూడిన ఆ పెట్టెలో నాలుగు గేర్లుండెను. యుద్ధములో దానిని ఎం5 అను తేలికపాటి టాంకులలో వాడిరి. అయితే దాని పై గేరు డైరెక్టే, ఓవర్‌డ్రైవు కాదు. అమెరికాలో పెట్రోలు చౌక. ఇంజను చుట్లను మిగిల్చుకొనవలెనను తొందర ఎవరికిని లేదు.

మన ప్రాంతములో స్థితి వేఱు. 1942 ఏప్రిల్ 6న విశాఖమీద జపాను విమానములు బాంబులు వేసినవి. ఆ యుద్ధకాలమున పెట్రోలు కొఱతచే మద్రాసు రాజధానిలో ఎన్నియో బస్సులు బొగ్గు గ్యాసుతో నడచెను. వెనుక తగిలించిన కుంపటిలో బొగ్గు రాజేసి, ఆ గ్యాసు ఇంజనుకు అందువఱకు వేచి, ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడచుటయు కలదు. ఇంధనము విలువ మనవారికి అంత బాగుగా తెలిసినను, ఓవర్‌డ్రైవు మాత్రము మన లారీలకు చాలకాలము రాలేదు. ఎందుచేత?

సమాధానము దారిలోనున్నది. 1954లో టెల్కో సంస్థ జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు చేయనారంభించినది; 1955లో అశోక్ లేలండ్ ఏర్పడినది. ఆ తరములోని లారీలకు పై గేరు చాలవఱకు డైరెక్టే. ఆనాటి రహదారి ఒంటివరుసది. ఎదుట ఎడ్లబండ్లు, ప్రక్కన సంత, ముందు రైల్వేగేటు, వానకాలమున పొంగు వాగు. లారీ వేగమందుకొనులోపల మరల బ్రేకు వేయవలసి వచ్చుచుండెను. పై గేరులో పది నిమిషములు కదలక నడచు భాగ్యము రాత్రివేళ తప్ప దొరకదు. అట్టి దారిలో ఓవర్‌డ్రైవు ఉన్నను పెట్టెలో మూలపడియుండు వస్తువే. పైగా మోయదగిన బరువుకంటె ఎక్కువ మోపు అలవాటు. బరువు లాగు బండికి గానుగ కావలెను గాని రాట్నము అక్కఱలేదు.

ప్రపంచమంతటను ఆలోచన మార్చినది 1973 అక్టోబరులో వచ్చిన నూనె సంక్షోభము. పీపా సుమారు 3 డాలర్లుండిన ముడినూనె 1974 ఆరంభమునకు సుమారు 12 డాలర్లకు ఎక్కినది. చౌక పెట్రోలు దేశమైన అమెరికాయే వేగమునకు గంటకు 55 మైళ్ల హద్దు పెట్టినది. అప్పుడు ఆటోమేటిక్ గేరుపెట్టెలో ఓవర్‌డ్రైవు చేర్చుట తప్పనిసరి యైనది. 1980లో ఫోర్డు, 1982లో జనరల్ మోటార్సు నాలుగవ గేరుగా ఓవర్‌డ్రైవుగల ఆటోమేటిక్ పెట్టెలను తెచ్చినవి. రెండవదాని నిష్పత్తి మేము పైన వేసిన లెక్కకు దగ్గఱగా 0.70. ఆ పెట్టెలు కార్లతోబాటు పికప్ లారీలకును చేరినవి. పెద్దలారీల విషయములో ఆలిసన్ సంస్థ 1991లో ఎలక్ట్రానిక్ పద్ధతితో నడచు క్రొత్తతరము పెట్టెలను వెలువరించినది. వానిలో ఆఱు గేర్ల పెట్టె యొకదాని నిష్పత్తులు చూడుడు: 3.49, 1.86, 1.41, 1.00, 0.75, 0.65. నాలుగవది డైరెక్టు, ఐదవది, ఆఱవది ఓవర్‌డ్రైవులు. మొదటి గేరు గానుగ, కడపటిది రాట్నము.

మన దారియు మాఱినది. కోల్‌కతా చెన్నై జాతీయ రహదారి స్వర్ణచతుర్భుజి పథకము క్రింద నాలుగు వరుసలదైనది. ఐదవ సంఖ్య రహదారిగా తరతరములు పిలిచినది 2010లో పదునాఱవ సంఖ్యను పొందినది. ఆ తరువాత ఆనందపురమునుండి పెందుర్తి మీదుగా అనకాపల్లికి సుమారు 51 కిలోమీటర్ల ఆఱు వరుసల దారి ఏర్పడి, దూరపు లారీలు విశాఖనగరము నడుమకు పోవలసిన అవసరమును తప్పించినది.

ఆ దారిమీద ఓవర్‌డ్రైవు ఏమి చేయునో లెక్క కట్టి చూతము. లారీ టైరు ఒక చుట్టునకు 3.2 మీటర్లు పోవుననియు, వెనుక ఇరుసులోని గేరు నిష్పత్తి 6 అనియు అనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా నిమిషమునకు 1000 మీటర్లు. చక్రము నిమిషమునకు 312 చుట్లకు పైగా తిరుగును. డైరెక్టు గేరులో ఇంజను 1875 చుట్లు తిరుగవలెను. ఓవర్‌డ్రైవు 0.75 అయినచో సుమారు 1406 చుట్లు చాలును. గంటలో మిగులునవి సుమారు 28 వేల చుట్లు. ప్రతి చుట్టునందును పిస్టన్ల రాపిడికి, నూనె చిలుకుటకు, గాలి పీల్చి వదలుటకు కొంత శక్తి వ్యర్థమగును. ఆ వ్యర్థమంతయు తగ్గును. డీజెలు మిగులును, ఇంజను అరుగుదల తగ్గును, డ్రైవరు చెవులకు రొద తగ్గును. లారీ యజమాని లెక్కలో ఇది చిన్న లాభము కాదు. ఏలయన లారీ నడుపు ఖర్చులో డీజెలుదే పెద్దపద్దు.

ఇక నష్టమెచ్చట? అదే లెక్కలో. చుట్లు నాల్గవ వంతు తగ్గినచో, అదే ఇంజను బలమునకు చక్రములను చేరు లాగుడును నాల్గవ వంతు తగ్గును. ఎత్తు వచ్చినప్పుడు ఆటోమేటిక్ పెట్టె తానుగా క్రింది గేరునకు దిగును, కొంత వేగమందగానే మరల పైకి పోవును, మరల దిగును. ఈ ఊగులాటలో క్లచ్చిలు జారి, నూనె వేడెక్కి, పెట్టె పాడగును. అందులకే అట్టి బండ్లలో ఓవర్‌డ్రైవును ఆపు మీటనో, పై గేరును కట్టడి చేయు ఏర్పాటునో పెట్టిరి. బరువుతో అనంతగిరి దారి ఎక్కువాడు దానిని ముందుగనే ఆపివేయుట మంచిది.

ఎక్కుటకంటె దిగుట ప్రమాదము. సాలూరు ఘాటుమీద నిండు బరువుతో దిగు లారీని పట్టి నిలుపునవి బ్రేకులొక్కటే కావు. క్రింది గేరులో ఇంజనుయొక్క ఎదురుపట్టు కూడ. క్రింది గేరులో చక్రములు ఇంజనును బలవంతముగా వడిగా త్రిప్పవలెను గనుక బండి తానుగా నెమ్మదించును. ఓవర్‌డ్రైవులో ఆ పట్టు సడలిపోవును. న్యూట్రలులో అసలే యుండదు. అప్పుడు భారమంతయు బ్రేకు డ్రమ్ములమీద పడును; అవి కాలి, లైనింగు పట్టు తప్పి, పెడలు ఎంత త్రొక్కినను బండి ఆగదు. డీజెలు మిగుల్చుకొనవలెనని దిగుడులో న్యూట్రలు చేయువారు కొన్ని రూపాయల కొఱకు తమ ప్రాణమును, ఎదుటివారి ప్రాణమును పందెము కాయుచున్నారు. నిజమునకు నేటి డీజెలు ఇంజనులలో గేరులోనుండి కాలు ఎత్తి దిగునప్పుడు ఇంధనము దాదాపు పూర్తిగా ఆగిపోవును. న్యూట్రలులో మాత్రము ఇంజను తిరుగుటకు ఖర్చగుచునే యుండును. కావున ఆ పందెములో గెలుపు కూడ లేదు. ఏ గేరులో ఎక్కవలసియుండునో ఆ గేరులోనే దిగుమని పాత డ్రైవర్లు క్లీనరు కుఱ్ఱలకు నేర్పు మాట నేటికిని చెల్లుచున్నది.

ఆలిసన్ సంస్థ 2010లో చెన్నై సమీపమున కర్మాగారము తెఱచినది. అయినను మన పెద్దలారీలలో పూర్తి ఆటోమేటిక్ పెట్టెలు అరుదు. మామూలు చేతిగేర్ల పెట్టెకే క్లచ్చిని, మార్పును యంత్రము చేయునట్టి నడిమి పద్ధతి ఇటీవల వ్యాపించుచున్నది. విశాఖ, విజయవాడ ఆటోనగరులలో పండ్ల చప్పుడు విని జబ్బు చెప్పగల మేస్త్రీలు ఇప్పుడు సెన్సారు భాషయు నేర్చుకొనుచున్నారు. పెట్టెలోని కంప్యూటరు బరువును పసికట్టును, వాలును కొలుచును, కొన్ని బండ్లలో పటము చూచి ముందున్న ఎత్తును కూడ గ్రహించును. కాని మలుపు తరువాత దారిలో నిలిచిన మేకలమందను, తడిసిన బురదను, ముందుబండి బ్రేకు వాసనను పసికట్టవలసినది ఇంకను మనిషియే.

ఓవర్‌డ్రైవు చరిత్ర మాకు నేర్పు నీతి యొక్కటి. హక్కు తగాదానుండి పుట్టిన చక్రము, ఓడకొఱకు పుట్టిన ద్రవయంత్రము, నూనె కరవు పుట్టించిన పొదుపు, ఈ మూడును ఒక పెట్టెలో కూడినను, చదునైన దారి లేనిచో ఆ పెట్టె పై గేరునకు విలువ లేదు. దారి యున్నచోటనైనను, బరువునుబట్టి, వాలునుబట్టి దానిని వాడుటయో మానుటయో తెలిసిన చేయి కావలెను. తెల్లవాఱకముందు పూలతో ఆనందపురము చేరు చిన్నబండికిని, ఉక్కు కడ్డీలతో సాలూరు ఘాటు దాటవలసిన పెద్దలారీకిని దారి ఒకచోటనే చీలును. ఏ గేరు ఎవరికి తగునో ఆ చీలికవద్దనే నిర్ణయమగును.